ఆటలో అరటిపండు: చిన్నపిల్లలకు స్నేహం నేర్పడం గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం. నన్ను ఇక్కడికి పిలిచిన ప్రధానోపాధ్యాయులకు, మండలం నలుమూలల నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచర్లకు, తోటి ఉపాధ్యాయులకు, ఒక పూట కూలి పోగొట్టుకుని మరీ వచ్చిన తల్లిదండ్రులకు, మనవళ్లను బడిలో దింపి మాట వినడానికి ఆగిపోయిన తాతలకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు నా కృతజ్ఞతలు. నేను 27 సంవత్సరాలుగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం ఒకటి, రెండు తరగతుల పిల్లలతోనే గడిచింది. మంచి స్నేహితుడంటే ఎవరో చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి అన్న విషయం మీద మాట్లాడమని మీరు కోరారు. అక్షరాలు, అంకెలు నేర్పడం కన్నా ఇది కష్టమైన పని అని నా అనుభవం. అక్షరాలకు పుస్తకం ఉంటుంది, వాచకం ఉంటుంది. దీనికి మన నడవడిక తప్ప వేరే వాచకం లేదు.

ప్రతి జూన్‌లో బడి తెరిచిన తర్వాత ఒకటో తరగతి పిల్లలను ఇదే ప్రశ్న అడుగుతాను. జవాబులు ఏటా ఇంచుమించు ఒకేలా వస్తాయి. నాకు చాక్లెట్ ఇచ్చేవాడు అంటారు. నా పక్కన కూర్చునేది అంటారు. మా వీధిలో ఉండేవాడు, కొత్త సైకిల్ ఉన్నవాడు, నన్ను కొట్టనివాడు అంటారు. కొన్నేళ్ల క్రితం ఒక పాప మాత్రం చాలాసేపు ఆలోచించి, "నేను పడిపోతే నవ్వనిది" అని చెప్పింది. ఆ మాట అప్పటి నుంచి నా మనసులో నిలిచిపోయింది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

పెద్దవాళ్లు ఈ జవాబులు విని, పిల్లలు ఎంత స్వార్థంగా ఆలోచిస్తున్నారో చూడండి అని నొచ్చుకుంటారు. అది పొరపాటు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ సెల్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలతో విస్తారంగా మాట్లాడి, స్నేహం గురించిన వారి అవగాహన మెట్టు మెట్టుగా పెరుగుతుందని చెప్పారు. మూడు నుంచి ఆరేళ్ల వయసులో స్నేహితుడంటే ఆ క్షణంలో తనతో ఆడుకుంటున్నవాడే. కొంచెం పెద్దయ్యాక తనకు కావలసింది చేసిపెట్టేవాడు స్నేహితుడవుతాడు. ఇచ్చిపుచ్చుకోవాలన్న ఆలోచన ఆ తర్వాతి మెట్టు. మనసులోని మాట చెప్పుకోవడం, నమ్మకం నిలుపుకోవడం అనేవి ఇంకా పైమెట్లు. అంతకు చాలా ముందే, 1932లో, మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు రెండు నుంచి ఐదేళ్ల పిల్లల ఆటలను పరిశీలించి, చిన్నపిల్లలు ముందు ఒంటరిగా, తర్వాత పక్కపక్కనే ఎవరి ఆట వారు, ఆ తర్వాతే కలిసి ఆడతారని రాశారు. అంగన్‌వాడీ టీచర్లు దీన్ని రోజూ చూస్తూనే ఉంటారు. మూడేళ్ల పిల్లలిద్దరు ఒకే ఇసుకలో కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా గంటసేపు ఇద్దరూ ఇళ్లు కట్టుకుంటారు. కలిసి కట్టండి అని మనం తొందరపెట్టనవసరం లేదు. ఆ పక్కపక్కన కూర్చోవడమే వారి వయసుకు తగిన చెలిమి.

కాబట్టి ఐదేళ్ల బిడ్డకు త్యాగం గురించి, ప్రాణస్నేహం గురించి ఉపన్యాసం ఇస్తే చెవికి ఎక్కదు. "మంచి" అనే మాట కూడా అంతే. నా ఉద్యోగంలో తొలి పదేళ్లు నేను పిల్లలకు "మంచి పిల్లలతో స్నేహం చేయండి" అని చెబుతూ వచ్చాను. మీరు కూడా ఇళ్లలో చెబుతూనే ఉంటారు. అలా చెప్పినప్పుడు తరగతిలో ఏం జరుగుతుందో చాలా ఆలస్యంగా గమనించాను. మంచి పిల్లలంటే ఎవరో పిల్లలు మన ముఖాలను చూసి తేల్చుకుంటారు. ఉతికిన చొక్కా వేసుకున్నవాడు, మార్కులు వచ్చేవాడు, టీచరు పేరు పెట్టి మెచ్చుకునేవాడు మంచివాడవుతాడు. ముక్కు కారేవాడు, హోంవర్క్ చేయనివాడు, తండ్రి తాగి వీధిలో పడిపోతాడని ఊరంతా చెప్పుకునేవాడు చెడ్డవాడవుతాడు. ఆరేళ్లకే ఒక పిల్లవాడి మీద చెడ్డవాడన్న ముద్ర పడితే, ఆ ముద్ర వేసింది పిల్లలు అనుకుంటాం, వేసింది మనమే.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. దాన్ని మనం ఎప్పుడూ భయపెట్టడానికే వాడతాం: వాడితో తిరిగితే నువ్వూ వాడిలా అవుతావు అని. కానీ సామెతలో ఒక వైపే మారతారని ఎక్కడా లేదు. వాడూ మన బిడ్డలా కావచ్చు కదా. అందుకే నేను ఇప్పుడు మంచి స్నేహితుణ్ని ఎంచుకోమని చెప్పడం మానేశాను. స్నేహితుడు చేసే పని ఏమిటో చూపిస్తాను. పడిపోతే నవ్వకపోవడం ఒక పని. ఆ పాప జవాబు నాకు అంత నచ్చింది అందుకే. ఆమె ఎవరి గుణగణాలూ చెప్పలేదు. రేపు ఎవరైనా చేయగల ఒక చిన్న పని చెప్పింది. చెడ్డవాడని పేరు పడ్డ పిల్లవాడు కూడా రేపు నవ్వకుండా ఉండగలడు.

పిల్లల స్నేహానికి మొదటి పరీక్ష ఆటలోకి ప్రవేశించడం దగ్గరే వస్తుంది. విలియం కోర్సారో అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోనూ, ఇటలీలోనూ శిశు పాఠశాలల్లో నేల మీద పిల్లల మధ్య కూర్చుని వారి ఆటలను ఏళ్ల తరబడి గమనించారు. ఆడుకుంటున్న పిల్లలు కొత్తవాణ్ని వద్దనడం చాలాసార్లు దుర్బుద్ధి వల్ల కాదని, తాము కష్టపడి నిలబెట్టుకున్న ఆట చెదిరిపోతుందేమోనన్న భయం వల్లనని ఆయన అర్థం చేసుకున్నారు. "నన్నూ ఆడనిస్తారా" అని నేరుగా అడిగితే "వద్దు" అనే జవాబు తేలికగా వచ్చేస్తుంది. నేర్పున్న పిల్లలు అలా అడగరు. కాసేపు పక్కన నిలబడి చూస్తారు. ఆట ఏమిటో గ్రహిస్తారు. వాళ్లు వంటలాట ఆడుతుంటే తామూ నాలుగు ఆకులు తెంపి తెచ్చి, "ఇదిగో గోంగూర తెచ్చాను" అని పెడతారు. గోంగూర తెచ్చిన మనిషిని వెళ్లిపొమ్మనేవాళ్లు ఉండరు. బిడియం ఉన్న పిల్లలకు ఈ నేర్పును మనం నేర్పవచ్చు. "వెళ్లు, వెళ్లి ఆడుకో" అని వీపు మీద చెయ్యి వేసి తోయడం కన్నా, ఆ బిడ్డ పక్కన నిలబడి, "వాళ్లు ఏం ఆడుతున్నారు? వాళ్లకు ఇప్పుడు ఏం కావాలి?" అని అడగడం ఎంతో మేలు.

వద్దనే పిల్లల సంగతి కూడా చూడాలి. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ప్రయోగ పాఠశాలలో చిన్న తరగతులకు చెప్పిన వివియన్ పేలీ అనే ఉపాధ్యాయురాలు తన తరగతిలో ఒక నియమం పెట్టి చూశారు. నువ్వు ఆడకూడదు అని ఎవరూ ఎవరితోనూ అనకూడదు, అంతే నియమం. ఆ అనుభవాన్ని ఆమె 1992లో పుస్తకంగా ప్రచురించారు. నియమం పెట్టే ముందు పెద్ద తరగతుల పిల్లలను కూడా అడిగితే, అది న్యాయమే కానీ తమ వయసులో జరిగే పని కాదన్నట్టు మాట్లాడారట. ఆ మాటే నన్ను కలవరపెట్టింది. పదేళ్లకే పిల్లలు ఇక జరగదని తేల్చుకునే విషయం ఐదేళ్లప్పుడే చెప్పాలన్నమాట.

అయితే ఇందుకోసం మనం షికాగో దాకా వెళ్లనవసరం లేదని నాకు తర్వాత తట్టింది. మన పిల్లల ఆటల్లో అంతకు మించిన ఏర్పాటు ఎన్నో తరాలుగా ఉంది. ఆటలో అరటిపండు అనే మాట మీలో తెలియనివారు ఉండరు. ఈ రోజుల్లో ఆ మాటను లెక్కలోకి రాని మనిషిని చులకన చేయడానికి వాడుతున్నారు గానీ, దాని అసలు రూపాన్ని గుర్తు చేసుకోండి. దాగుడుమూతలు ఆడుతుంటారు, అక్క వెంట నాలుగేళ్ల తమ్ముడు వస్తాడు. వాడికి ఆట తెలియదు, పరుగెత్తలేడు, దొంగ పెడితే ఏడుస్తాడు. వాణ్ని ఇంటికి పంపేస్తే అక్క కూడా పోవలసి వస్తుంది. అప్పుడు పెద్దపిల్లలు "వీడు అరటిపండు" అంటారు. అంటే వాడు ఆటలో ఉంటాడు, అందరితో పాటు దాక్కుంటాడు, కేరింతలు కొడతాడు, దొరికిపోతే మాత్రం దొంగ కాడు. ఏ పెద్దమనిషీ చెప్పకుండా, ఏ పుస్తకంలోనూ లేకుండా, ఎనిమిదేళ్ల పిల్లలు ఆ చిన్నవాడి శక్తిని అంచనా వేసి, ఆట చెడకుండా, వాడి మనసు చెడకుండా ఒక చోటు చేసి పెట్టారు. ఇంతకన్నా గొప్ప ఔదార్యాన్ని నేను ఏ శిక్షణ తరగతిలోనూ చూడలేదు.

దానికి ఒక హద్దు ఉంది, అది కూడా చెప్పాలి. అరటిపండుగా ఉండటం కొన్నాళ్ల ముచ్చట. ఏటేటా అరటిపండుగానే మిగిలిపోయే పిల్లవాడు ఆటలో ఉన్నా లేనట్టే. నేను పనిచేసిన ఒక ఊళ్లో, నడకలో ఇబ్బంది ఉన్న పిల్లవాడు ఒకడు రెండో తరగతిలో ఉండేవాడు. ఏడుపెంకులాటలో అందరూ వాణ్ని అరటిపండు చేసి, బంతి వాడికి తగిలినా తగలనట్టే వదిలేసేవారు. వాడు కొన్నాళ్లకు ఆటకు రావడం మానేసి, వేపచెట్టు కింద గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను వాణ్ని కాదు, ఆడేవాళ్లను పిలిచి, "వాడు అన్నిటికన్నా బాగా చేయగలిగేది ఏమిటి?" అని మాత్రం అడిగాను. ఒకడు వెంటనే, "గురి, టీచర్! మామిడికాయను ఒక్క రాయితో కొడతాడు" అన్నాడు. మర్నాడు ఆట మారింది. పెంకులు కొట్టడం వాడి పని, కూలిన పెంకులు పేర్చడానికి పరుగెత్తడం వాడికి జతగా ఆడే మరొకడి పని. ఇద్దరికీ కలిపి ఒకే ప్రాణం. పరుగెత్తేవాడికి బంతి తగిలితే కొట్టినవాడూ అవుటే. మొదటిసారి అవుటైనప్పుడు వాడి ముఖంలో కనిపించిన సంతోషం నేను ఇప్పటికీ మరువలేదు. అవుట్ కావడమంటే ఆటలో నిజంగా ఉన్నట్టు కదా.

ఇక పంచుకోవడం సంగతికి వస్తాను. ఒక బిడ్డ చేతిలోని బొమ్మను లాక్కుని, "ఇవ్వమ్మా, మంచి పిల్లలు పంచుకుంటారు" అంటూ పక్కింటి బిడ్డ చేతిలో పెట్టడం మనందరం చేసిన పనే. దానివల్ల ఆ బిడ్డ నేర్చుకునేది పంచుకోవడం కాదు. బలమున్నవాళ్లు లాక్కోవచ్చని నేర్చుకుంటుంది. పంచుకుంటే బహుమతి ఇస్తామనడం మరో దారి. అది కూడా పనికిరాదు. జర్మనీలో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, సుమారు 20 నెలల పసివాళ్లు కింద పడిన వస్తువును పెద్దవాళ్లకు అందించేవారు. అందించినందుకు కొందరికి వస్తువులు బహుమతిగా ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత బహుమతులు ఆపేసినప్పుడు, బహుమతి పొందినవాళ్లే సాయం చేయడం తగ్గించారు. ఏమీ పొందనివాళ్లు మునుపటిలాగే అందిస్తూ వచ్చారు. సాయం చేయాలన్న కోరిక బిడ్డలో ముందే ఉంది. మనం మధ్యలో చాక్లెట్ పెట్టి దాన్ని బేరంగా మారుస్తున్నాం.

మన పిల్లలకు పంచుకునే పద్ధతి ఒకటి తెలుసు. దాన్ని కాకెంగిలి అంటారు. పల్లీపట్టీ ఒక్కటే ఉంది, ఇద్దరున్నారు. అమ్మ ఎంగిలి తినకూడదని చెప్పింది. అప్పుడు ఆ పిల్ల తన గౌను అంచును పల్లీపట్టీ మీద కప్పి, గుడ్డ పైనుంచి పంటితో కొరికి రెండు ముక్కలు చేస్తుంది. నోరు తగలలేదు కాబట్టి ఎంగిలి కాదు. రెండో పిల్ల ఆ ముక్కను సంతోషంగా తీసుకుంటుంది. గౌను అంచు బెల్లంతో జిగటగా ఉంటుంది, ఇంటికి వెళ్లాక అమ్మ తిడుతుంది. శుభ్రత దృష్ట్యా ఈ అలవాటును నేను సమర్థించడం లేదు. ఇప్పుడైతే చేతులు కడుక్కుని చేత్తో విరవమనే చెబుతాను. కానీ ఆ ఉపాయంలో ఉన్న మన్నన చూడండి. తనకున్నది సగం ఇవ్వడమే కాక, తీసుకునేవాళ్ల మనసుకు ఇబ్బంది లేకుండా ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది. ఇవ్వడం కన్నా ఎలా ఇస్తున్నామన్నది పెద్ద విషయం.

ఎంగిలి మాట వచ్చింది కాబట్టి దానికి ఆనుకుని ఉన్న మరొక మాట కూడా దాచకుండా చెప్పాలి. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఉపాధ్యాయులు ఒక వారం గమనించండి. ఏ వీధి పిల్లలు ఏ వీధి పిల్లలతో కూర్చుంటున్నారో, ఎవరి సీసాలోని నీళ్లు ఎవరు తాగడం లేదో చూడండి. ఐదేళ్ల పిల్లలకు కులం తెలియదని మనం అనుకుంటాం. వాళ్లకు కులం పేరు తెలియకపోవచ్చు. ఎవరి ఇంటికి వెళ్తే అమ్మ ముఖం మారిపోతుందో మాత్రం తెలుసు. ఎవరిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతామో, ఎవరికి వేరే గ్లాసులో నీళ్లు ఇస్తామో వాళ్లు చూస్తూనే ఉంటారు. బడిలో నేను అందరూ స్నేహితులే అని ఎన్నిసార్లు పాడించినా, గుమ్మం దగ్గర నేర్చుకున్న పాఠమే గట్టిగా నిలుస్తుంది.

దీన్ని మార్చవచ్చన్న ఆశ నాకు ఉంది, దానికి ఆధారం కూడా ఉంది. ఢిల్లీలోని పేరున్న ప్రైవేటు పాఠశాలలు 2007 నుంచి కొన్ని సీట్లను పేద పిల్లలకు ఇవ్వవలసి వచ్చింది. ఆ తర్వాత 2009 విద్యాహక్కు చట్టం దేశమంతటా ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల నిబంధన తెచ్చింది. గౌతమ్ రావు అనే ఆర్థిక శాస్త్రవేత్త ఆ ఢిల్లీ బడుల్లో పరిశోధన చేసి, 2019లో ఫలితాలు ప్రచురించారు. పేద పిల్లలతో కలిసి చదివిన ధనిక పిల్లల్లో ఔదార్యం పెరిగింది. రిలే పరుగుపందేనికి జట్టు ఎంచుకోమంటే, బాగా పరుగెత్తే పేద పిల్లవాణ్ని కాదని నెమ్మదైన ధనిక పిల్లవాణ్ని ఎంచుకోవడం తగ్గింది. పక్కన కూర్చోవడం వల్ల, కలిసి తినడం వల్ల, కలిసి ఆడటం వల్ల వచ్చిన మార్పు అది. నా తరగతిలో ప్రతి సోమవారం కూర్చునే వరుసలు మార్చేది ఇందుకే. తల్లిదండ్రులు కొందరు వచ్చి మా అమ్మాయిని పాత చోటులోనే కూర్చోబెట్టమని అడుగుతుంటారు. వారి మీద నాకు గౌరవం ఉంది. ఈ ఒక్క విషయంలో మాత్రం వారి మాట వినలేను.

స్నేహం ఉన్నచోట తగాదా ఉంటుంది. చిన్నపిల్లలు స్నేహితులతో తక్కువగా పోట్లాడతారని, మిగతావారితో ఎక్కువగా పోట్లాడతారని మనం అనుకుంటాం. పరిశోధకులు చూసినదాని ప్రకారం స్నేహితులు పోట్లాడుకోవడం ఏమంత తక్కువ కాదు. తేడా పోట్లాట ముగిసే తీరులో ఉంటుంది. స్నేహితులు చోటు వదిలి వెళ్లిపోరు; ఏదో ఒక రాజీ కుదుర్చుకుని మళ్లీ ఆట మొదలుపెడతారు. మన పిల్లలు జట్టు పచ్చి అంటారు, కొన్నిచోట్ల కటీఫ్ అంటారు. పెద్దలకు అది అల్లరిగా కనిపిస్తుంది. నాకు మాత్రం అందులో ఒక క్రమం కనిపిస్తుంది. కోపం వచ్చిందని నోటితో చెప్పడానికి ఒక మాట ఉంది. కోపం పోయిందని చెప్పడానికి కూడా ఒక మాట ఉంది. "జట్టు" అంటే చాలు, మళ్లీ కలిసిపోతారు. పెద్దవాళ్లకు ఈ రెండో మాట లేకనే ఎన్నో ఇళ్లలో అన్నదమ్ముల మధ్య ఇరవై ఏళ్లు మాటలు ఉండవు.

అయితే జట్టు పచ్చి అనే మాటను కొందరు పిల్లలు ఆయుధంగా వాడతారు. "నాకు ఆ పెన్సిల్ ఇవ్వకపోతే నీ జట్టు పచ్చి" అంటారు. అక్కడ మాత్రం మనం జోక్యం చేసుకోవాలి. బెదిరిస్తున్న పిల్లను తిట్టడం కన్నా బెదిరింపునకు లొంగుతున్న పిల్లకు ఒక వాక్యం నేర్పడం ముఖ్యం. "పెన్సిల్ నాకు కావాలి. రేపు ఆడుకుందాం" అనే మాటను నేను పిల్లల చేత అనిపిస్తాను. గట్టిగా, ఏడవకుండా, తిట్టకుండా అనడం వస్తేనే తర్వాత పెద్ద బెదిరింపుల ముందు కూడా నిలబడగలుగుతారు.

తగాదా తీర్చడంలో నేను చేసిన ఒక తప్పు మీతో చెప్పాలి. రెండో తరగతిలో ఒక పాపకు తరగతిలోనే బట్టలు తడిసిపోయాయి. ఆమెకు బాగా దగ్గరి నేస్తమైన పాపే ఆ సంగతిని భోజనాల దగ్గర అందరికీ చెప్పేసింది. అందరూ నవ్వారు. నేను ఆ పాపను ముందుకు పిలిచి, సారీ చెప్పు, చేతులు కలుపు అన్నాను. ఆమె చెప్పింది, చేయి కలిపింది. నా వరకు సమస్య తీరిపోయింది. తడిసిన పాప మాత్రం మూడు రోజులు బడికి రాలేదు. అందరి ముందు జరిగిన అవమానాన్ని నేను అందరి ముందే ఇంకోసారి గుర్తు చేశానని, ఆ సారీ వల్ల ఉపశమనం కలిగింది నాకే తప్ప ఆ బిడ్డకు కాదని అప్పుడు తెలిసింది. నాలుగో రోజు తల్లి ఆమెను తీసుకొచ్చి దింపింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే, సంగతి బయటపెట్టిన పాప ఎవరూ చెప్పకుండా లేచి, నేస్తం చేయి పట్టుకుని మరుగుదొడ్డి దాకా నడిచి, ఆమె బయటికి వచ్చేదాకా తలుపు ముందు చేతులు కట్టుకుని కాపలాగా నిలబడింది. ఆ తర్వాత చాలా రోజులు అలాగే నిలబడింది. వాళ్లిద్దరూ మళ్లీ ఎప్పుడు కలిసిపోయారో నాకు తెలియనే లేదు.

అప్పటి నుంచి నేను సారీ చెప్పమని బలవంతం చేయడం మానేశాను. ఇద్దరినీ పక్కకు పిలుస్తాను. బాధ కలిగినవారిని "నీకు ఏమైంది?" అని అడిగి, రెండోవారిని పూర్తిగా విననిస్తాను. తర్వాత, "ఇప్పుడు నువ్వు ఏం చేస్తే తనకు కాస్త బాగుంటుంది?" అని అడుగుతాను. విరిగిన పెన్సిల్ చెక్కి ఇస్తానంటారు, చెరిగిన బొమ్మ మళ్లీ వేద్దామంటారు. ఒకడైతే "నా చోట్లో కూర్చోనిస్తాను" అన్నాడు. మాట కన్నా పని వారికి సులువుగా అందుతుంది. న్యాయాధిపతిలా తప్పు ఎవరిదో తేల్చడానికి గంటలు ఖర్చు పెట్టడం కన్నా ఇది త్వరగా అవుతుంది కూడా.

రహస్యాల గురించి జాగ్రత్తగా మాట్లాడాలి, తల్లిదండ్రులు దయచేసి ఈ మాట మనసు పెట్టి వినండి. స్నేహితుడి రహస్యం బయటపెట్టకూడదని మనం పిల్లలకు నేర్పుతాం. చాడీలు చెప్పొద్దని కూడా నేర్పుతాం. ఈ రెండూ మంచి మాటలే కానీ, వీటినే అడ్డం పెట్టుకుని పిల్లలకు హాని చేసేవాళ్లు ఉన్నారు. "మనం ఫ్రెండ్స్ కదా, ఇంట్లో చెప్పొద్దు" అని పెద్దవాళ్లెవరైనా అంటే అది స్నేహం కాదని బిడ్డకు స్పష్టంగా తెలియాలి. నేను పిల్లలకు ఇలా చెబుతాను: అమ్మ పుట్టినరోజుకు కార్డు చేస్తున్నావు, అది దాచి ఉంచితే నవ్వు వస్తుంది, రేపు ఎలాగూ అందరికీ తెలుస్తుంది, అలాంటిది దాచవచ్చు. ఏది దాచితే కడుపులో నొప్పిగా, భయంగా ఉంటుందో అది దాచకూడదు, నీ నేస్తం వద్దన్నా సరే పెద్దవాళ్లకు చెప్పాలి. చాడీకి, చెప్పవలసిన మాటకు తేడా కూడా అంతే. ఎదుటివాణ్ని ఇరికించడానికి చెబితే చాడీ. ఎవరికో దెబ్బ తగలకుండా కాపాడటానికి చెబితే అది స్నేహితుడు చేయవలసిన పని. ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి ఉంటే 1098 అనే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు ఉందని, దానికి డబ్బులు అవసరం లేదని పిల్లలకు కంఠస్థం చేయించండి. నా తరగతిలో ఎక్కాలతో పాటు అదీ చెబుతారు.

కథల గురించి అడుగుతారని నాకు తెలుసు, కొద్దిగా చెబుతాను. మిత్రలాభం కథలు మన తెలుగు బడుల్లో తరతరాలుగా చెబుతున్నవే. పరవస్తు చిన్నయసూరి వాటిని 1853లోనే తెలుగు వచనంలో పెట్టారు. ఆ కథలు చెప్పేటప్పుడు చివర నీతి చెప్పి ముగించకండి. వలలో చిక్కిన పావురాల రాజు చిత్రగ్రీవుడు, ఎలుక వచ్చి తన కట్లు కొరకబోతే, ముందు నావాళ్లవి కొరుకు అంటాడు. అక్కడ కథ ఆపి, "మీరైతే ఏమనేవారు?" అని అడగండి. ఒక్కోసారి, "ముందు నావే కొరకమంటాను, నాకు భయం" అని నిజాయతీగా చెప్పే పిల్లలు ఉంటారు. ఆ జవాబును తప్పు పట్టకండి. కాకి వచ్చి స్నేహం చేద్దామంటే ఎలుక వెంటనే ఒప్పుకోదు. నువ్వు నన్ను తినేదానివి కదా అంటుంది. ఎవరినైనా నమ్మడానికి కొంత కాలం తీసుకోవచ్చన్న సంగతి అందులో ఉంది, మనం దాన్ని దాటవేస్తాం. కుచేలుడి కథను సిరిసంపదలు వచ్చిన కథగా చెబుతాం గానీ, పిల్లలు ఆడే నాటకంలో నాకు ఇష్టమైనది వేరే చోటు. రాజభవనం చూసి సిగ్గుపడి కుచేలుడు అటుకుల మూటను దాచుకుంటాడు. కృష్ణుడు నాకేం తెచ్చావని అడిగి, తానే ఆ మూట విప్పి తింటాడు. పేదవాడి కానుకను అడిగి తీసుకోవడం ఎంత పెద్ద మన్ననో పిల్లలు ఆడుతూ అర్థం చేసుకుంటారు.

మా బిడ్డకు ఒక్కరే స్నేహితులు ఉన్నారని బెంగపడే తల్లిదండ్రులకు ఒక మాట: ఒక్కరు చాలు. పదిమంది ఉన్నా ఎవరి పక్కనా నెమ్మదిగా కూర్చోలేని పిల్లల గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను.

పిల్లలు ఇంటికి రాగానే ఎన్ని మార్కులు వచ్చాయి, అన్నం తిన్నావా అని అడుగుతాం. వాటితో పాటు, "ఈ రోజు ఎవరితో ఆడావు?" అని అడగండి. "ఈ రోజు ఒంటరిగా ఎవరు కూర్చున్నారు?" అని కూడా అడగండి. మొదట్లో తెలియదంటారు, ఎందుకంటే వాళ్లు చూసి ఉండరు. వారం రోజులు వరుసగా అడిగితే చూడటం మొదలుపెడతారు. పోయిన ఏడాది ఒక తండ్రి ఇలాగే అడుగుతూ ఉంటే, ఎనిమిదో రోజున ఆయన కూతురు, "ఇవాళ ఎవరూ కూర్చోలేదు నాన్నా, నేనే వెళ్లి దాన్ని తీసుకొచ్చా" అని చెప్పిందట. ఆయన ఆ మాట నాకు చెప్పడానికి పని మానుకుని బడికి వచ్చారు.

సభ మొదలయ్యే ముందు మూడో వరుసలో కూర్చున్న ఒక అమ్మ నా దగ్గరికి వచ్చి, మా బాబును ఈ ఏడాది ఎవరూ ఆటకు పిలవడం లేదు, నేనేం చేయాలి అని అడిగారు. సమయం మిగిలితే చెబుతానన్నాను. సమయం ఉంది. అమ్మా, మీ బాబుకు ఏ ఆట ఇష్టమో, గట్టు మీద కూర్చున్నప్పుడు ఎటు చూస్తూ ఉంటాడో ముందు మాకు చెప్పండి. ఆ తరగతి టీచరు కూడా ఇక్కడే ఉన్నారు, ముగ్గురం కలిసి అక్కడి నుంచి మొదలుపెడదాం. మైకు ఆమెకు ఇవ్వండి.